పీచు బట్టగా మారాలంటే ఏ గుణాలుండాలి: అడుగడుగునా పరీక్షించే పద్ధతి

మొక్కల కాండాల్లో, ఆకుల్లో, గింజల చుట్టూ, జంతువుల ఒంటి మీద, ఎక్కడ చూసినా పీచు ఉంటుంది. అయినా మనిషి వేల ఏళ్లుగా ఒంటికి చుట్టుకుంటున్నవి పత్తి, ఉన్ని, పట్టు, అవిసె నార లాంటి కొన్నే. మిగతావాటిలో చాలా భాగం తాళ్లు, చాపలు, బ్రష్షులు, దిండ్లలో కూరే దూది దగ్గరే ఆగిపోయాయి. కారణం అడిగితే ఎక్కువమంది "బలం చాలకపోవడం" అంటారు. నా ఉద్దేశంలో అది తొందరపాటు జవాబు. బలం గురించి ఆలోచించే ముందు పీచు దాటాల్సిన పరీక్షలు మూడున్నాయి. అవి పొడవు, సన్నదనం, పక్క పీచును పట్టుకునే గుణం. ఈ మూడూ లేకపోతే ఎంత బలమున్నా అది నూలుగా మారదు.

అందుకే ఈ పరీక్షలను వరుసలో చేయాలి. ముందు నూలు అవుతుందో లేదో తేల్చాలి, ఆ తర్వాతే బట్టగా ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి. టెక్స్‌టైల్ చదివే విద్యార్థులకు, కొత్త రకం నారతో ప్రయోగాలు చేసేవాళ్లకు, చేత్తో వడికేవాళ్లకు ఈ వరుస సరిపోతుంది. దీనికి కావలసిన సామాను తక్కువే: నల్లటి మఖ్మల్ గుడ్డ, మిల్లీమీటర్ల స్కేలు, భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు, పట్టకారు, ఒక గిన్నెడు నీళ్లు. మైక్రోస్కోపు దొరికితే ఇంకా మంచిది.

1. పొడవు కొలవండి

చిన్న కుచ్చు తీసుకుని రెండు చేతుల బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా విడదీయండి. విడిపోయిన సగాన్ని మళ్లీ ఇంకో సగం మీద పెట్టి లాగండి. ఇలా కొన్నిసార్లు చేస్తే పీచులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఆ కుచ్చును నల్ల గుడ్డ మీద పరిచి, ఎక్కువ పీచులు ఎక్కడి దాకా ఉన్నాయో స్కేలుతో కొలవండి. పత్తి వ్యాపారంలో స్టేపుల్ పొడవు అనేది దీన్నే.

పత్తిలో సుమారు 20 మి.మీ. లోపు ఉంటే పొట్టి పింజ. 25 మి.మీ. చుట్టుపక్కల ఉంటే మధ్యరకం. 32 మి.మీ. దాటితే మేలైన పొడవు పింజ, దాంతో చాలా సన్న నూలు తీయవచ్చు. ఉన్ని ఇంకా పొడవుగా ఉంటుంది. పట్టు దారి వేరు: ఒక్క పట్టుకాయ నుంచి వందల మీటర్ల పోగు తెగకుండా వస్తుంది. ఇలా ఆగకుండా సాగే పోగును ఫిలమెంట్ అంటారు. నైలాన్, పాలియెస్టర్ కూడా ముందు ఫిలమెంట్లుగానే పుడతాయి, అవసరాన్ని బట్టి వాటిని ముక్కలుగా కత్తిరిస్తారు.

పొడవును ఒంటరిగా చూడకండి, మందంతో భాగించి చూడండి. 28 మి.మీ. పొడవు, 16 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉన్న పత్తి పీచులో పొడవు మందానికి 1750 రెట్లు. ఈ నిష్పత్తి కనీసం 100 రెట్లయినా లేనిదాన్ని టెక్స్‌టైల్ పీచుగా లెక్కించరు. వడికి నూలు తీయడానికైతే వందల్లో, వేలల్లో ఉండాలి.

సగటు పొడవు ఒక్కటే చూసి మురిసిపోకూడదు. నల్ల గుడ్డ మీద పరిచిన కుచ్చు అంచు ఎలా ఉందో గమనించండి. అంచు దాదాపు తిన్నగా ఉంటే పీచులన్నీ ఇంచుమించు ఒకే పొడవన్నమాట. పొట్టివి, పొడవువి కలగాపులగంగా ఉంటే వడికేటప్పుడు పొట్టి పీచులు గుంపులుగా కదులుతాయి, నూలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది, సన్నగా ఉన్నచోటే తెగుతుంది. ఆ పొట్టి పీచుల చివర్లే బట్ట మీద నూగులా పైకి లేస్తాయి. మిల్లుల్లో కోంబింగ్, అంటే దువ్వడం, చేసేది ఈ పొట్టి పీచులను ఏరివేయడానికే.

2. సన్నదనం చూడండి

మొత్తం వరుసలో నేను ఎక్కువ బరువిచ్చే అడుగు ఇది. మెత్తదనం, జారుడుగా వేలాడే తీరు, ఎంత సన్న నూలు తీయగలం, ఒంటికి గుచ్చుకుంటుందా లేదా అన్నవన్నీ ఇక్కడే తేలతాయి.

గుండ్రటి పీచు వంగడానికి చూపే మొండితనం దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే వ్యాసం సగమైతే మొండితనం పదహారో వంతుకు పడిపోతుంది. అదే బరువున్న నూలులో ఒక లావు పీచుకు బదులు సగం వ్యాసం ఉన్న నాలుగు పీచులు పెట్టారనుకోండి. బరువు మారదు, మొండితనం మాత్రం నాలుగో వంతు అవుతుంది. మైక్రోఫైబర్ బట్టలు అంత మెత్తగా ఉండటానికి కారణం ఇదే. వాటి పాలియెస్టర్ రసాయనం మామూలుదే, పోగు మాత్రం ఒక డెనియర్ కంటే సన్నం. 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు.

కొన్ని కొలతలు గుర్తుంచుకుంటే చేతిలో ఉన్న పీచును వాటి పక్కన పెట్టి చూసుకోవచ్చు. పట్టు పోగు 10 నుంచి 13 మైక్రాన్లు. పత్తి 12 నుంచి 20. మేలు రకం మెరినో ఉన్ని 20 లోపు. కొబ్బరి పీచు 100 నుంచి 400 మైక్రాన్ల దాకా ఉంటుంది. అది తాడుగా, చాపగా అద్భుతంగా పనిచేస్తుంది కానీ చొక్కా కాలేదు. ఉన్ని విషయంలో గీత ఇంకా స్పష్టంగా ఉంది. 30 మైక్రాన్లు దాటిన పీచులు సుమారు 5 శాతం మించితే ఆ బట్ట చర్మానికి గుచ్చుకుంటుంది. లావు పీచు కొస వంగకుండా చర్మాన్ని నొక్కడమే దీనికి కారణం. చాలామంది "నాకు ఉన్ని పడదు" అనుకునేది ఎక్కువగా ఈ లావు కొసల వల్లే.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఒక నూలు అడ్డకోతలో ఎన్ని పీచులు పడతాయో తెలుసుకోవడానికి కిలోమీటరు నూలు బరువును కిలోమీటరు పీచు బరువుతో భాగిస్తే చాలు. నూలు సన్నదనాన్ని కౌంట్‌లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం. 30 కౌంట్ పత్తి నూలు కిలోమీటరుకు సుమారు 19.7 గ్రాములు. మైక్రోనేర్ (పత్తి పీచు సన్నదనాన్ని సూచించే అంకె) 4.2 ఉన్న పత్తి పీచు కిలోమీటరుకు సుమారు 0.165 గ్రాములు. భాగిస్తే అడ్డకోతలో 119 పీచులు వస్తాయి, చక్కటి నూలు అవుతుంది. అదే పత్తితో 60 కౌంట్ తీస్తే 60 పీచులే మిగులుతాయి. మిల్లుల్లో మామూలుగా నూలు వడికే రింగ్ స్పిన్నింగ్ పద్ధతిలో ఇది దాదాపు అంచు. ఇంకా సన్నగా తీయబోతే నూలు తెగడం పెరుగుతుంది. మైక్రోనేర్ 3.5 ఉన్న పత్తితో అదే 60 కౌంట్‌లో 71 పీచులు పడతాయి, నూలు మరింత నున్నగా వస్తుంది.

అయితే మైక్రోనేర్ ఎంత తక్కువైతే అంత మంచిదని అనుకోకండి. మైక్రోనేర్ చూపే యంత్రం కొలిచేది పత్తి ముద్ద గుండా గాలి ఎంత తేలిగ్గా పోతోందన్నది. పీచు పుట్టుకతో సన్నదైనా అంకె తగ్గుతుంది, పక్వానికి రాక గోడ పలచగా మిగిలినా తగ్గుతుంది. పక్వం కాని పీచు నలిగి చిన్న ముడులు కడుతుంది, రంగు వేసినప్పుడు ఆ ముడులు తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. అందుకే మామూలుగా 3.5 నుంచి 4.9 మధ్య ఉన్న పత్తిని అంగీకరిస్తారు, 3.7 నుంచి 4.2 వరకు మేలని చెబుతారు.

3. పురి పెట్టి చూడండి

కుచ్చులోంచి కొన్ని పీచులు లాగి, సన్నగా సాగదీస్తూ వేళ్ల మధ్య పురి పెట్టండి. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి. పీచులు తెగకుండా ఒకదాని మీద ఒకటి జారి విడిపోతే ఆ పీచుకు పక్కదాన్ని పట్టుకునే గుణం లేదు. గట్టిగా నిలబడి, చివరికి పీచులే తెగితే అది వడకడానికి పనికొస్తుంది.

బూరుగు దూదిని చూస్తే ఈ అడుగు ఎందుకు ముఖ్యమో బాగా అర్థమవుతుంది. పొడవులోనూ సన్నదనంలోనూ అది పత్తికి మరీ దూరం కాదు. మొదటి రెండు పరీక్షలతోనే ఆపేస్తే దాన్ని మంచి పీచు అనేస్తాం. మైక్రోస్కోపు కింద చూస్తే సంగతి తెలుస్తుంది. అది మెలికలు లేని, మైనం పూసినట్టుండే నున్నటి గొట్టం. లోపలంతా బోలు, గోడ చాలా పలచన. పురి పెడితే జారుతుంది, నొక్కితే విరుగుతుంది. అందుకే ఒంటరిగా నూలు కావడం దానికి కష్టం. ఆ బోలుతనం, మైనం వల్లే నీళ్లలో తేలుతుంది కాబట్టి లైఫ్ జాకెట్లలో నింపేవారు, దిండ్లలో ఇప్పటికీ నింపుతున్నారు. జిల్లేడు దూదిదీ ఇలాంటి కథే.

పత్తి పీచు ఎండేటప్పుడు నలిగి రిబ్బనులా మెలి తిరుగుతుంది. సెంటీమీటరుకు పదుల మెలికలు ఉంటాయి. అవే పక్క పీచును పట్టుకుంటాయి. ఉన్నికి సహజమైన వంకరలు, పైన పొలుసులు ఉన్నాయి. ఆ పొలుసుల వల్లే వేడి సబ్బు నీళ్లలో రుద్దితే ఉన్ని ముద్ద కట్టి కుంచించుకుపోతుంది. ఒకే గుణం ఒకచోట మేలు, ఇంకోచోట కీడు అవుతుంది. పాలియెస్టర్‌కు పుట్టుకతో మెలికలుండవు కాబట్టి యంత్రాలతో వంకరలు తొక్కించి మరీ కత్తిరిస్తారు.

పురి ఎంత పెట్టాలన్నదానికీ హద్దుంది. పెంచుతూ పోతే పీచుల మధ్య రాపిడి పెరిగి నూలు బలపడుతుంది. ఒక స్థాయి దాటాక పీచులు నూలు పొడవుకు అడ్డంగా ఎక్కువ వాలిపోయి బలం తగ్గడం మొదలవుతుంది, చేతికి బిరుసుగా కూడా తగులుతుంది.

4. పొడిగానూ తడిపీ బలం చూడండి

బలాన్ని బరువుతో పోల్చి చెప్పడం ఈ రంగం అలవాటు. ఒక డెనియర్‌కు ఎన్ని గ్రాముల లాగుడు ఆగుతుందన్నదే టెనాసిటీ. పత్తికి అది 3 నుంచి 5, పట్టుకూ సుమారుగా అంతే, ఉన్నికి 1 నుంచి 1.7, చెక్క గుజ్జు నుంచి తయారుచేసే మామూలు విస్కోస్‌కు 2 నుంచి 2.6. నైలాన్, పాలియెస్టర్లలో రకాన్ని బట్టి 4 నుంచి 9 దాకా కూడా వెళ్తుంది.

ఈ అంకెల్లో ఉన్నిది అడుగు స్థానం. అయినా ఉన్ని బట్ట ఏళ్ల తరబడి ఉంటుంది. అది బాగా సాగి, మళ్లీ వెనక్కి వస్తుంది కాబట్టి లాగుడును ఓర్చుకుంటుంది. మరోవైపు 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ చేసిన పరిశోధన నుంచి వచ్చిన కెవ్లార్ పీచు బరువుకు బరువు ఉక్కు కంటే ఎన్నో రెట్లు బలమైనది. కానీ దానికి రంగు పట్టడం కష్టం, ఎండకు పాడవుతుంది. బుల్లెట్ ఆపే కవచానికి సరైనది, రోజూ తొడిగే చొక్కాకు కాదు. అతిబలం వల్ల ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బట్ట రాపిడికి నూగు లేచి చిన్న ఉండలు కడుతుంది కదా, పత్తిలో అవి కొన్నాళ్లకు తెగి రాలిపోతాయి. పాలియెస్టర్ పోగు తెగదు కాబట్టి ఉండలు బట్టకే వేలాడుతుంటాయి.

ఇంట్లో టెనాసిటీ కొలవలేం, దానికి ల్యాబ్ యంత్రం కావాలి. కానీ తడి, పొడి తేడా చేతికే తెలుస్తుంది. ఒకే మందం ఉన్న రెండు నూలు ముక్కలు తీసుకుని, ఒకటి పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, రెండింటికీ కొద్దికొద్దిగా బరువులు వేలాడదీస్తూ ఏది ఎప్పుడు తెగిందో రాసుకోండి. పత్తి తడిస్తే 10 నుంచి 20 శాతం బలపడుతుంది. మాటిమాటికీ ఉతికే బట్టలకు పత్తి ఇంతగా నప్పడానికి ఇదొక ముఖ్య కారణం. విస్కోస్ తడిస్తే సుమారు సగం బలం కోల్పోతుంది, దాన్ని పిండకూడదని చెప్పేది అందుకే.

5. వంచండి, సాగదీయండి, వదిలేయండి

గాజు పోగు లాగుడుకు చాలా బలమైనది, కానీ పదునుగా మడిస్తే విరిగిపోతుంది, విరిగిన ముక్కలు చర్మంలో గుచ్చుకుంటాయి. మోకాలి దగ్గర, మోచేతి దగ్గర బట్ట రోజుకు వేల సార్లు మడత పడుతుంది. కాబట్టి పీచును మెలితిప్పి, మడిచి, గోటితో నొక్కి చూడండి. మడత దగ్గర తెల్లగా చీలితే బట్టకు వద్దు.

తర్వాత సాగే గుణం. అవిసె నార రెండు మూడు శాతం సాగేసరికి తెగుతుంది. పత్తి 5 నుంచి 10 శాతం, ఉన్ని 25 నుంచి 35 శాతం సాగుతాయి. సాగే బట్టల్లో కలిపే స్పాండెక్స్ తన పొడవుకు నాలుగైదు రెట్లు సాగగలదు. కానీ ఎంత సాగిందన్నదాని కంటే వదిలాక ఎంత వెనక్కి వచ్చిందన్నది ముఖ్యం. రెండు శాతం సాగదీసి వదిలితే ఉన్ని దాదాపు పూర్తిగా తిరిగొస్తుంది, పత్తి సుమారు మూడొంతులు, అవిసె నార ఇంకా తక్కువ. అవిసె నారతో నేసిన లినెన్ చొక్కా కూర్చుని లేచేసరికి ముడతలు పడటం, ఉన్ని కోటు రాత్రి తగిలిస్తే పొద్దుటికి సర్దుకోవడం ఈ తేడా వల్లే.

6. తేమ పరీక్ష

కొంత పీచును 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు మారనంతవరకు ఆరబెట్టి తూచండి. ఆ తర్వాత మామూలు గాలిలో ఒక రోజు వదిలి మళ్లీ తూచండి. పెరిగిన బరువును ఎండు బరువుతో భాగించి శాతంగా రాయండి. దీన్ని మాయిశ్చర్ రీగెయిన్ అంటారు. ప్రామాణిక వాతావరణంలో, అంటే 65 శాతం గాలి తేమలో, ఉన్నికి ఇది సుమారు 16, పట్టుకు 11, పత్తికి 8 చుట్టుపక్కల, నైలాన్‌కు 4, పాలియెస్టర్‌కు 0.4 శాతం. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పీచుకు దాదాపు సున్నా.

ఈ అంకె చెప్పే సంగతులు చాలా ఉన్నాయి. ఎక్కువ రీగెయిన్ ఉన్న పీచు చెమట ఆవిరిని లోపలికి పీల్చుకుంటుంది. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. తక్కువ రీగెయిన్ ఉన్నదానిలో స్థిరవిద్యుత్తు పేరుకుని బట్ట ఒంటికి అతుక్కుంటుంది, దుమ్ము లాగుతుంది, కానీ ఇట్టే ఆరుతుంది. ఆటగాళ్లకు పాలియెస్టర్ నచ్చడానికి కారణం పోగు నీళ్లు తాగకపోవడమే. చెమట పోగుల మధ్య సందుల్లోంచి పైకి పాకి బయట ఆవిరవుతుంది. వ్యాపారంలోనూ ఇది డబ్బు విషయం: ఉన్నిని, పత్తిని బరువు మీద కొంటారు కాబట్టి, తేమ ఎంతో ఒప్పందంలో లేకపోతే నీళ్లకు కూడా ధర కట్టినట్టే.

7. వేడి, నిప్పు

ఈ పరీక్ష గాలి ఆడేచోట, ఇనుప పళ్లెం మీద, పక్కన నీళ్లు పెట్టుకుని చేయండి. నాలుగైదు పోగులు పట్టకారుతో పట్టి మంట దగ్గరకు మెల్లగా తీసుకెళ్లండి. చేత్తో పట్టుకోవద్దు, కరిగిన బొట్టు చర్మానికి అంటుకుంటే ఊడదు.

పత్తి, అవిసె, విస్కోస్ చురుగ్గా అంటుకుని, కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద మిగులుస్తాయి. ఉన్ని, పట్టు మెల్లగా కాలి, మంట తీస్తే దాదాపు ఆరిపోతాయి, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్ల పూస వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలియెస్టర్, నైలాన్ మంటకు ముందే ముడుచుకుని కరుగుతాయి, గట్టి పూస మిగులుతుంది. మిశ్రమ బట్టలో రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తాయి కాబట్టి పడుగు పోగును, పేక పోగును విడివిడిగా కాల్చండి.

కరిగే ఉష్ణోగ్రత ఇస్త్రీకి హద్దు చెబుతుంది. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర, నైలాన్ 6 సుమారు 215 నుంచి 220 దగ్గర, పాలియెస్టర్ సుమారు 255 నుంచి 260 దగ్గర కరుగుతాయి. అంతకు చాలా ముందే మెత్తబడతాయి.

8. రంగు, రసాయనాలు, ఎండ

మొక్కల నుంచి వచ్చే సెల్యులోజ్ పీచులు క్షారాన్ని తట్టుకుంటాయి, ఆమ్లానికి పాడవుతాయి. ఉన్ని, పట్టు లాంటి ప్రొటీన్ పీచులు దీనికి తారుమారు, మరుగుతున్న పలచటి కాస్టిక్ సోడాలో ఉన్ని కరిగిపోతుంది. క్లోరిన్ బ్లీచ్ కూడా వాటికి పడదు. ఈ ఒక్క తేడా తెలిస్తే ఉతుకు సబ్బు ఎంపికలో ఎన్నో బట్టలు బతుకుతాయి. పత్తిని బిగించి ఉంచి చిక్కటి కాస్టిక్ సోడాలో ముంచితే పీచు ఉబ్బి గుండ్రబడి మెరుస్తుంది, రంగు బాగా పీల్చుకుంటుంది. ఈ క్షార ప్రక్రియకు జాన్ మెర్సర్ 1850లో పేటెంట్ తీసుకున్నాడు, బిగించి ఉంచడం మాత్రం తర్వాతి కాలంలో తోడైంది.

రంగు పట్టాలంటే రంగు అణువు లోపలికి వెళ్లే దారి, అక్కడ అంటుకునే చోటు రెండూ ఉండాలి. పాలియెస్టర్‌లో దారి బిగుతు కాబట్టి డిస్పర్స్ రంగులను (నీళ్లలో కరగకుండా సన్న పొడిగా కలిసే రంగులు) 130 డిగ్రీల దాకా ఒత్తిడిలో మరిగిస్తారు. పాలీప్రొపిలీన్‌లో అంటుకునే చోటే లేదు, అందుకే పోగు తీయకముందే కరిగిన ముద్దలో రంగు కలిపేస్తారు. ఎండ విషయానికొస్తే పట్టు, నైలాన్ త్వరగా బలహీనపడతాయి, యాక్రిలిక్ బాగా తట్టుకుంటుంది.

9. సరఫరా ఉందా?

2009లో మడగాస్కర్ సాలీళ్ల పట్టుతో బంగారు రంగు బట్ట ఒకటి నేసి చూపించారు. దానికి పది లక్షలకు పైగా సాలీళ్లు కావలసి వచ్చాయి. ఆ పోగు సన్నం, బలం, మెరుపు, అన్నీ అద్భుతం. కానీ సాలీళ్లను పట్టుపురుగుల్లా కలిపి పెంచలేం, ఒకదాన్నొకటి తింటాయి. ఏటేటా ఒకే నాణ్యతతో, సరిపడా దొరకని పీచు ప్రదర్శనశాల దాకా వెళ్తుంది, దుకాణం దాకా రాదు.

10. పనిని ముందు పెట్టుకుని ఎంచుకోండి

ఇప్పుడు మీ చేతిలో ఒక పట్టిక ఉంటుంది. దాన్ని చూసి "మంచి పీచు ఏది" అని కాకుండా "ఈ పనికి ఏది" అని అడగండి. తువ్వాలుకు తేమ పీల్చే గుణం, తడి బలం కావాలి కాబట్టి పత్తి. నీళ్లలో తేలే తాడుకు సాంద్రత 0.91 మాత్రమే ఉన్న పాలీప్రొపిలీన్. మంటల దగ్గర పనిచేసేవాళ్ల దుస్తులకు కరగని, మంట అంటుకోని అరామిడ్లు, అంటే కెవ్లార్ జాతి పీచులు. చలికోటుకు ఉన్ని, దాని వంకరలు గాలిని పట్టి ఉంచుతాయి.

ఒకే పీచులో అన్నీ దొరకనప్పుడు మిశ్రమం చేస్తారు. పాలియెస్టర్ ముడతలు తగ్గించి, పత్తి చెమట పీలుస్తుంది. ఇక్కడ కూడా మొదటి రెండు అడుగులే మాట చెల్లించుకుంటాయి: కలిపే పీచుల పొడవు, సన్నదనం దగ్గరగా ఉండాలి. అందుకే పత్తితో కలపడానికి పాలియెస్టర్‌ను 38 మి.మీ. ముక్కలుగా, 1.2 నుంచి 1.5 డెనియర్‌లో తయారుచేస్తారు. లావు, పొడవు తేడా ఎక్కువైతే లావు పీచులు నూలు అంచుకు, పొడవాటి సన్న పీచులు మధ్యకు చేరతాయి, చేతికి తగిలేది లావుదే అవుతుంది. రంగు వేసేటప్పుడు పాలియెస్టర్ భాగానికి డిస్పర్స్ రంగు, పత్తి భాగానికి రియాక్టివ్ రంగు (పీచుతో రసాయనికంగా కలిసిపోయేది) విడివిడిగా వేయాల్సి వస్తుంది. రెండోసారి రంగు నీళ్లలో ముంచే ఖర్చును, సమయాన్ని మిశ్రమం నిష్పత్తి ఖాయం చేయకముందే లెక్కలో వేసుకోండి.